మునిగిన ఊరి పాట: శాపం మోసే సైరన్ ప్రేమకథను నవలగా రాయడం ఎలా

జూరాల దగ్గరో, సాగర్ దగ్గరో గేట్లు ఎత్తే ముందు సైరన్ మోగుతుంది. నదిలో ఉన్నవాళ్లు గట్టెక్కాలని దాని అర్థం. కృష్ణ ఒడ్డున పెరిగిన పిల్లలకు సైరన్ అనగానే గుర్తొచ్చేది ఆ మోతే. సముద్రపు రాళ్ల మీద కూర్చుని పాడుతూ నావికులను చావుకు రప్పించుకునే గ్రీకు స్త్రీల పేరు కూడా సైరనే అని వాళ్లకు చాలా తర్వాత తెలుస్తుంది. ఈ రెండింటికీ చుట్టరికం ఉంది. 1819లో ఫ్రెంచ్ శాస్త్రజ్ఞుడు కాన్యార్ ద లా తూర్ తాను మెరుగుపరిచిన శబ్ద యంత్రానికి ఆ పేరు పెట్టాడు. అది నీటి అడుగున కూడా మోగేది, అందుకని. ఒక సైరన్ నీళ్లలోంచి బయటికి పొమ్మని అరుస్తుంది. ఇంకొకటి నీళ్లలోకి రమ్మని పాడుతుంది. ఈ రెండు పిలుపుల మధ్య ఒక పదిహేడేళ్ల పిల్లవాడిని నిలబెడితే మీ నవల మొదలైనట్టే.

కౌమారంలో ఉన్న పాఠకుల కోసం చీకటి నిండిన ఫాంటసీ ప్రేమకథ రాయాలనుకునే వాళ్లకు, ముఖ్యంగా నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి రాయాలనుకునే వాళ్లకు ఇది నేను చెప్పగల దారి. ఇలాంటి నవల ఒకటి రాస్తూ, సగం కొట్టేసి, మళ్లీ రాస్తూ నేర్చుకున్నది. దీన్నంతా నడిపించే నమ్మకం ఒక్కటే. శాపం ఆ నేలకు నిజంగా తగిలిన దెబ్బలోంచి రావాలి. అలా రాకపోతే మీ సైరన్ ఎంత అందంగా పాడినా అద్దెకు తెచ్చుకున్న వేషంలాగే ఉంటుంది.

మొదటి అడుగు: తోక తీసి పక్కన పెట్టండి

సైరన్ అనగానే చాలామంది చేప తోకతో మొదలుపెడతారు. పాత గ్రీకు బొమ్మల్లో సైరన్లకు తోక లేదు. స్త్రీ తల, పక్షి దేహం ఉండేవి. చేప తోక మధ్యయుగ ఐరోపాలో వచ్చి చేరింది. హోమర్ 'ఒడిస్సీ' పన్నెండో సర్గలో అసలు వాళ్ల రూపం గురించి ఒక్క మాట కూడా లేదు, వినిపించేది గొంతు మాత్రమే. ఆ గొంతు ఒడిస్సియస్‌కు అందాన్ని ఆశ చూపదు. "ట్రాయ్‌లో జరిగిందంతా మాకు తెలుసు, భూమి మీద జరిగేదంతా మాకు తెలుసు, ఆగి విని వెళ్లు" అన్నది ఆ పాట సారాంశం. పదేళ్ల యుద్ధం చేసి, తోటివాళ్లను పోగొట్టుకుని ఇంటికి వెళ్తున్న మనిషికి అంతకంటే పెద్ద ఎర ఉండదు. తన బాధకు అర్థం చెప్పేవాళ్లు దొరికారని అనిపించడమే ఆ ఎర. ఈ సంగతి నోట్‌బుక్‌లో మొదటి పేజీలో రాసుకోండి, నాలుగో అడుగులో పనికొస్తుంది.

సగం పక్షి, సగం మనిషి అయిన గాయకులు మనకూ ఉన్నారు, కిన్నెరలు. బౌద్ధ కథల్లో కిన్నెర దంపతులు విడదీయరాని ప్రేమకు గుర్తు. భల్లాటియ జాతకంలో ఒక కిన్నెర జంట ఉంది. ఒక్క రాత్రి, నది పొంగి అడ్డుపడటంతో చెరొక గట్టున ఉండిపోయారు. ఆ ఒక్క రాత్రిని తలుచుకుని 697 ఏళ్లు ఏడ్చారు. నది, విరహం, ఎడతెగని దుఃఖం, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇక పాలమూరులో కిన్నెర పేరుతో ఒక వాద్యమే ఉంది. డక్కలి కళాకారులు సొరకాయ బుర్రలతో చేసి వాయించే పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్యకు వచ్చిన పద్మశ్రీతో దేశమంతా పేరు వచ్చింది.

గ్రీకు కథల్లో సైరన్ల పాటను ఓడించిన మనిషి ఒకడున్నాడు, ఆర్ఫియస్. ఓడ వాళ్ల దగ్గరికి రాగానే చెవుల్లో మైనం పెట్టుకోకుండా తన తంత్రీవాద్యం తీసి ఇంకా గట్టిగా వాయించాడు. ఆ తంత్రీవాద్యం స్థానంలో కిన్నెరను ఊహించుకోండి. నాయకుడి చేతిలో ఆమె పాటను మూయగల వాద్యం ఉంది. దాన్ని వాయిస్తే ఊరు బతుకుతుంది, ఆమె గొంతు పోతుంది. కథకు వెన్నెముక ఇక్కడ దొరికింది నాకు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. కిన్నెర ఒక కులం బతుకుతో, అవమానంతో, గౌరవంతో ముడిపడిన వాద్యం. దాన్ని అలంకారంగా వాడుకుని వదిలేయకండి. మీ నాయకుడు ఆ ఇంటి పిల్లవాడైతే ఆ ఇంటి అన్నం, అప్పు, ఊళ్లో వాళ్లు పిలిచే తీరు కూడా నవలలోకి రావాలి.

రెండో అడుగు: ఏ నీళ్లో తేల్చుకోండి

మనకు సముద్రం లేదు. అది లోటు కాదు. సముద్రం ఎవరి ఇల్లూ కాదు, మన జలాశయాల అడుగున మాత్రం ఇళ్లు ఉన్నాయి.

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు నిలిచినప్పుడు అప్పటి మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల్లో సుమారు వంద ఊళ్లు మునిగాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే సోమశిలకు ఎదురు గట్టున సంగమేశ్వరం గుడి మళ్లీ బయటపడుతుంది. అందులోని లింగం వేప మొద్దు. పూజారి ఏటా ఆ కొద్ది రోజులు పూజలు చేస్తాడు, తర్వాత దేవుడు మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోతాడు. అదే నీళ్ల వల్ల కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురానికి తెచ్చి మళ్లీ కట్టారు. గుడినైతే విప్పి తెచ్చుకున్నారు, మరి ఆ గుడి మెట్ల మీద కూర్చున్న మధ్యాహ్నాల సంగతి ఏమిటి? మీ సైరన్ ఆ ప్రశ్నలోంచి పుట్టవచ్చు.

నాగార్జునసాగర్ ఇంకొక రకం. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల్లో వెలిగిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మునిగిపోతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారు. తీసిన శిల్పాలను కొండ మీదికి చేర్చారు, ఆ కొండ తర్వాత ద్వీపం అయింది. కుడి గట్టున అనుపులో అప్పటి రాతి రంగస్థలాన్ని మళ్లీ నిలబెట్టారు. మధ్యలో నిలబడి మాట్లాడితే చివరి మెట్టు దాకా వినిపిస్తుంది. పాటే ఆయుధమైన కథకు ఇలాంటి చోటు ఊహించినా దొరకదు. రాజులు, రాణులు, బౌద్ధ భిక్షువులు, పదిహేడు వందల ఏళ్ల వయసున్న పగ కావాలంటే సాగర్‌కు వెళ్లండి. అమ్మమ్మ వయసున్న పగ కావాలంటే సోమశిలకు వెళ్లండి. నేను రెండోదాన్నే ఎంచుకున్నాను, ఎందుకంటే అది ఇంకా ఆరలేదు.

నల్గొండ పక్కన పానగల్ ఉంది. ఉదయసముద్రం చెరువు, దగ్గరలోనే ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో పగలంతా కదలని ఒక స్తంభపు నీడ పడి ఉంటుంది. సూర్యుడు కదులుతాడు, నీడ కదలదు. శాపం తగిలిన పిల్ల నీడ అక్కడ చిక్కుకుపోయిందని, ఆమె ఎండలో నడిచినా కింద నీడ పడదని రాస్తే మీకు కావలసిన మాయ సిద్ధంగా ఉన్నట్టే.

ఇక నీళ్లే లేని చోటు కూడా ఉంది. దేశంలో ఎన్నో ప్రాజెక్టులకు మట్టి మోసింది పాలమూరు కూలీలు. అమ్మానాన్నలు వలస పోతే ముసలివాళ్ల దగ్గర మిగిలిపోయిన పిల్లలు ఎంతోమంది. ఎండిపోయిన బావిలోంచి రాత్రిపూట అమ్మ గొంతు వినిపించడం మొదలైందనుకోండి. ఈ ఆలోచన వచ్చిన రోజు నాకే నిద్ర పట్టలేదు. ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

ఒక దారి మాత్రం తొక్కవద్దు. నల్గొండ నీళ్ల శాపం అంటే చాలామందికి ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. ఎముకలు వంగిపోయిన మనుషులను మీ ఫాంటసీలో శాపగ్రస్తులుగా చూపించకండి. మర్రిగూడ వైపు ఊళ్లలో ఆ నొప్పితో ఉన్నవాళ్లకు అది మాయ కాదు, తాగిన నీళ్లు. మీ పుస్తకం చదివే పిల్లల్లో వాళ్ల మనవళ్లూ ఉంటారు.

మూడో అడుగు: శాపం

ఇక్కడ ఎక్కువ సేపు ఆగుదాం. నవల నిలిచేదీ కూలేదీ ఇక్కడే.

మన సంప్రదాయంలో శాపానికి ఒక పద్ధతి ఉంది. శాపం మాటతో పుడుతుంది. మనసు మండిన మనిషి నోటి నుంచి వస్తుంది. ఒకసారి అన్నాక అన్నవాళ్లు కూడా వెనక్కి తీసుకోలేరు, కోపం చల్లారాక విమోచనం ఒక్కటే జత చేయగలరు. అంటే శాపంలో మొదటి సగం కోపం, రెండో సగం పశ్చాత్తాపం. పడమటి కథల్లో మంత్రగత్తె ఊరికే దుర్మార్గురాలైతే సరిపోతుంది. మనకు అలా సరిపోదు. శపించిన మనిషి బాధ శాపం తగిలిన మనిషి బాధతో సమానంగా తూగాలి. అందుకే శాపం రాసే ముందు శపించిన మనిషి గురించి ఒక పూర్తి పేజీ రాయండి.

నా నవలలో శపించింది తల్లి. ఊరు ఖాళీ చేసే చివరి రోజు, పదహారేళ్ల కూతురు ఇల్లు వదిలి రానని లోపలే దాక్కుంది. నీళ్లు రావని, అందరూ భయపడుతున్నారని గట్టిగా నమ్మింది. బండి ఎక్కిన తమ్ముడిని కూడా కిటికీలోంచి పాడి పిలిచింది, ఆటలో పిలిచే పాటతోనే. వాడు దిగి పరుగెత్తాడు. నీళ్లు వచ్చాయి. తల్లి గట్టు మీద నిలబడి అన్న మాట ఇది: "నీ గొంతు నమ్మి వచ్చాడు నా కొడుకు. ఇక నీ గొంతు విన్నవాళ్లెవరూ ఒడ్డు చేరకూడదు." ఆ మాట అన్న మరుక్షణం, మునుగుతున్నది కూడా తన బిడ్డే అని గుర్తొచ్చి ఇంకొక మాట చేర్చింది: "ఎవరైనా నిన్ను గడప దాటించి ఇంట్లోకి పిలిచేదాకా."

మీ శాపాన్ని కూడా ఇలా రెండు వాక్యాల్లో చెప్పగలగాలి. మూడో వాక్యం అవసరమైతే శాపం ఇంకా ఉడకలేదని అర్థం. తర్వాత ఈ ప్రశ్నలు వేసుకోండి. ఈ శాపం వల్ల ఆమెకు రోజూ తగ్గేది ఏమిటి? ఆమె చేయాలనుకోకుండానే ఎవరికి హాని జరుగుతుంది? విమోచనం వినడానికి తేలికగా ఉండి, చేయడానికి ఎందుకు అసాధ్యం? చివరి ప్రశ్నకు నా దగ్గర చాలాకాలం సరైన జవాబు లేదు. అది ఎలా దొరికిందో చివర్లో చెబుతాను.

ఆడపిల్లను నీళ్లకో దేవతకో "ఇచ్చేయడం" మీద శాపాన్ని నిలబెట్టాలనుకుంటే ఒక మాట. జోగిని ఆచారం మన జిల్లాల్లో నిజంగా పిల్లల బతుకులను తిన్న ఆచారం. దాన్ని నిషేధిస్తూ 1988లో చట్టం వచ్చింది. రాయండి, కానీ అందులో ప్రేమ మెరుపులు అద్దకండి. ఆ అధ్యాయంలో ఆ పిల్ల కోపానికే చోటు ఉండాలి.

నాలుగో అడుగు: పాటను కాగితం మీద పెట్టడం

వినబడని పాటను చదివించాలి. ఇందులో అందరూ పడే గొయ్యి, "ఆమె అద్భుతంగా పాడింది, అతను మైమరచిపోయాడు" అని రాయడం. ఆ వాక్యంతో ఎవరూ మైమరచిపోరు.

ఒడిస్సియస్‌కు వినిపించింది గుర్తుందా? పాట ఒకటే, వినేవాళ్లను బట్టి అందులో వినబడేది మారుతుంది. కాబట్టి గొంతును వర్ణించకుండా వింటున్న మనిషికి ఏమి వినిపించిందో రాయండి. పుట్టి వేసుకుని చేపలు పట్టే ముసలాయనకు పాత ఊరి పిండిగిర్ని చప్పుడు వినిపిస్తుంది. కొత్త కోడలికి పుట్టింటి కుక్క మొరుగు వినిపిస్తుంది. ఇంటర్ తప్పి ఇంట్లో మాట పడిన కుర్రాడికి, "పరవాలేదు, రా" అన్న నాన్న గొంతు వినిపిస్తుంది, ఆ నాన్న ఎన్నడూ అనని మాట. అప్పుడు వాళ్లు నీళ్లలోకి ఎందుకు నడిచారో పాఠకులకు మీరు చెప్పనక్కర్లేదు.

పాట మాటలు నాలుగు పాదాలకు మించి ఇవ్వకండి. బాణీ కోసం దూరం వెళ్లనక్కర్లేదు. బతుకమ్మ చుట్టూ తిరుగుతూ పాడే "ఉయ్యాలో" వరుసకు నీళ్లతో పాత బంధం ఉంది, ఆ పూలు చివరికి చేరేది చెరువులోకే కదా. నేను మొదట రాసుకున్నది ఇది:

మా ఇంటి గడపకు ఉయ్యాలో
పసుపెవరు పూసిరి ఉయ్యాలో
నీళ్లింటి పొయ్యిలో ఉయ్యాలో
నిప్పెవరు పెట్టిరి ఉయ్యాలో

నీళ్లలో పొయ్యి వెలగడం అనే అసాధ్యాన్ని మామూలు ఇంటి మాటలతో చెప్పాను. భయం అక్కడ పుడుతుంది. దెయ్యాలు, రక్తం, ఆర్తనాదాలు పాటలో పెడితే పిల్లలు నవ్వుతారు. ఇంటి సామాన్లు పెట్టి చూడండి, ఒళ్లు జలదరిస్తుంది. ఈ పాటను రెండోసారి వినిపించినప్పుడు ఒక్క మాట మార్చండి. మూడోసారి వినిపించినప్పుడు నాయకుడి పేరు అందులోకి రావాలి.

ఐదో అడుగు: ఆ ఇద్దరు

ముందు వయసు లెక్క. వందల ఏళ్లుగా బతుకుతున్న జీవికి, పదిహేడేళ్ల పిల్లవాడికి ప్రేమ కుదర్చడం ఈ రకం నవలల్లో మామూలైపోయింది. నాకు అది సరిపడదు. ఒకరికి లోకమంతా తెలిసి, ఇంకొకరికి ఏమీ తెలియనప్పుడు అక్కడ ఉండేది ప్రేమ కాదు, పెత్తనం. నేను ఇలా పరిష్కరించాను. ఊరు నీళ్లలోంచి తేలిన రోజుల్లోనే ఆమె మేలుకుంటుంది, మిగతా కాలం నిద్ర. ఏడాదికి సగటున పది రోజులు అనుకున్నాను. 1981 నుంచి నలభై నాలుగేళ్లకు 440 రోజులు, అంటే ఏడాదీ రెండున్నర నెలలు. పదహారేళ్లప్పుడు మునిగిన పిల్లకు ఇప్పుడు పదిహేడు దాటింది. ఇద్దరూ సమానం. పైగా ఆమె లోకం వింతగా ముందుకు దూకుతుంది. ఒక నిద్రకు రేడియో, ఇంకొక నిద్రకు టీవీ, మరొక నిద్రకు అతని చేతిలో ఫోను. ఈ లెక్క వేసిన సాయంత్రం నా నాయిక నాకు మొదటిసారి మనిషిలా కనిపించింది.

తర్వాత అసలు చిక్కు. ఆమె గొంతు విన్నవాళ్లు తమ ఇష్టాన్ని పోగొట్టుకుంటారు. మరి అతను ఆమెను ఇష్టపడుతున్నాడని ఎలా నమ్మాలి? ఈ ప్రశ్నను దాటవేసే నవల ప్రేమకథ కాదు. అతనికి చెవుడు పెట్టి తప్పించుకోవడం తేలిక. అలా పెట్టేటట్టయితే ఆ పిల్లవాడి బతుకంతా రాయాలి, చివర్లో వినికిడి తెప్పించి బహుమతిగా ఇవ్వకూడదు. నేను వేరే దారి పట్టాను. ఆమె అతని ముందు గొంతు విప్పదు. తడి మట్టి మీద వేలితో రాస్తుంది, 1981 నాటి బడిపిల్ల దస్తూరీతో. ఆమె మౌనమే ఆమె ప్రేమ. ఒక్కసారి పిలిస్తే అతను ఎప్పటికీ తన దగ్గరే ఉండిపోతాడని ఆమెకు తెలుసు, అయినా పిలవదు. ఇలా ఒక దృశ్యం రాసుకున్నాను:

"అతను పుట్టిని రాతిగోడకు కట్టి దిగాడు. ఆమె బురదలో నాలుగు గీతలు గీసి గది చూపించింది, ఒక మూల చుక్క పెట్టింది. ఇక్కడ మా మేక ఈనింది, అని రాసింది. అతను ఆ చుక్క మీద కాలు పడకుండా చుట్టూ తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఆమె చాలాసేపు అతని పాదాలను చూసింది."

ముద్దు కంటే ఇది ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం. ఈ వయసు పాఠకులు ప్రేమను శరీర వర్ణనలో కంటే శ్రద్ధలో త్వరగా గుర్తుపడతారు.

ఇద్దరి పిలుపులు కూడా ఆలోచించండి. ఈడువాళ్లు కాబట్టి "నువ్వు" సహజం. అతని నాయనమ్మ ఆ పిల్లను చూస్తే ఏమని పిలుస్తుంది? "బిడ్డా" అనే ఒక్క మాటకు అక్కడ అధ్యాయమంత బరువు ఉంటుంది. కథనం నలుగురికీ అర్థమయ్యే తెలుగులో రాసి, సంభాషణలు మీ ఊరి మాటలో రాయవచ్చు. అయితే సినిమాల్లో విన్న యాస వద్దు, మీ ఇంట్లో విన్నది రాయండి.

ఆరో అడుగు: చీకటి ఎంత

నిజాయతీగా చెప్పాలంటే మన జిల్లాల్లో ప్రేమను భయంకరం చేయడానికి రాక్షసులు అక్కర్లేదు. కులం దాటి ప్రేమించినందుకు ప్రాణాలు పోయిన నేల ఇది. మీ పాఠకులకు ఆ సంగతి పత్రికల్లోంచి, కొన్నిసార్లు పక్క వీధిలోంచి తెలుసు. కాబట్టి నీళ్లలోని ప్రమాదం కంటే గట్టు మీది ప్రమాదం చిన్నది కాకూడదు. ఆమె పాట మనుషులను చంపుతుంది, నిజమే. అతని సొంత మనుషులు ఏమి చేయగలరో కూడా పాఠకులకు వణుకు పుట్టాలి.

ఒక గీత మాత్రం నేను దాటను, మీరూ దాటవద్దని వేడుకుంటాను. నాయకుడు నీళ్లలో దూకి ఆమెను చేరుకోవడాన్ని ప్రేమ గెలుపుగా ముగించకండి. ఆ వయసులో, ఆ మనస్థితిలో చదివే పిల్ల ఒక్కరైనా ఉంటారు. పుస్తకం మొదట్లోనే ఆత్మహత్య ప్రస్తావన ఉందని చెప్పి, మానసిక సహాయం కోసం ఉన్న ప్రభుత్వ ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416 అచ్చు వేయండి. చావును చూపించవచ్చు, దాని తర్వాత మిగిలిన ఇంటిని కూడా చూపించాలి. పాట విని వెళ్లిపోయిన ఆ ఇంటర్ కుర్రాడి చెప్పులు గడప పక్కన ఎన్నాళ్లు ఉన్నాయో రాయండి.

ఏడో అడుగు: నీటిమట్టమే కథా ప్రణాళిక

ఇది అన్నిటికంటే తేలికైన అడుగు, ఎక్కువ ఫలితం ఇచ్చేది కూడా. అధ్యాయాలకు పేర్లు పెట్టకుండా నీటిమట్టం పెట్టండి. శ్రీశైలం నిండుమట్టం 885 అడుగులు. మొదటి అధ్యాయం 885 దగ్గర మొదలై నెమ్మదిగా దిగుతుంది. మట్టం తగ్గేకొద్దీ రహస్యాలు తేలతాయి. మొదట గుడి శిఖరం, తర్వాత చింతచెట్టు మోడు, తర్వాత గోడలు. అన్నిటికంటే తక్కువ మట్టం దగ్గర ఇద్దరూ కలుసుకుంటారు. పైన వానలు పడి జూరాల గేట్లు ఎత్తారన్న వార్తతో అంకె పెరగడం మొదలవుతుంది. ఇక "సమయం మించిపోతోంది" అని మీరు రాయనక్కర్లేదు, అధ్యాయం తల మీది అంకె చాలు. మన పత్రికలు వానాకాలంలో ఈ అంకెలు రోజూ వేస్తాయి, ఇంట్లో పెద్దవాళ్లు వాటిని పైకి చదువుతారు. ఆ అలవాటును కథలోకి తెచ్చుకోండి.

ముప్పై అధ్యాయాలు అనుకుంటే పది దిగే నీళ్లకు, పదిహేను తేలిన పది రోజులకు, ఐదు ఎక్కే నీళ్లకు ఇచ్చాను. మొత్తం ముప్పై అయిదు, నలభై వేల మాటలు. తెలుగులో ఈ వయసు వాళ్లకు అంతకు మించితే బరువవుతుంది.

ఎనిమిదో అడుగు: వెళ్లి చూడండి

ఎండాకాలంలో వెళ్లండి. నీళ్లు దిగిన బురద ఎండి ఎలా బీటలు వారుతుందో, మునిగి తేలిన రాయి మీద మట్టి రంగు చారలు ఎన్ని వరుసలుగా ఉంటాయో చూసి రాసుకోండి. పుట్టి నడిపేవాళ్లతో మాట్లాడండి. గుండ్రటి పుట్టికి ముందూ వెనకా ఉండవు, తెడ్డు సరిగా పడకపోతే ఉన్నచోటే తిరుగుతుంది. ఈ ఒక్క వివరం నాకు నాయకుడి స్వభావాన్ని ఇచ్చింది. ఈత వచ్చినా, తెలిసినవాళ్లు వెంట లేకుండా నీళ్లలోకి దిగకండి. అడుగున గోడలు, పాత బావులు ఉంటాయి.

మాటలు పోగుచేసుకోండి. రేవు, మడుగు, సుడి, తూము, అలుగు, మత్తడి, కట్ట, ముంపు. "జలగర్భం" అని రాయాలనిపించిన ప్రతిచోటా ఈ మాటల్లో ఒకటి సరిపోతుందేమో చూడండి. కట్టమైసమ్మ దగ్గర ఆగండి. చెరువు కట్టను కాపాడే ఆ తల్లి ఉన్న ఊళ్లోకి మీ సైరన్ రాగలదా లేదా అనేది కథలో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

తొమ్మిదో అడుగు: ముంపు చూసిన మనిషికి చదివి వినిపించండి

రాసింది స్నేహితులకు చూపించే ముందు ఇది చేయండి. మా అమ్మమ్మది ముంపులో పోయిన ఊరు. ఒక సాయంత్రం పైన ఇచ్చిన ఆ నాలుగు పాదాలు ఆమెకు చదివాను. రెండుసార్లు చదివించుకుంది. తర్వాత అడిగింది: "గడప ఎక్కడిది?"

నాకు అర్థం కాలేదు.

"ఊరు విడిచేటప్పుడు తలుపులు, దూలాలు, గడపలు ఊడదీసి బండ్లకు ఎత్తుకున్నాం. కట్టె పారేసి వస్తామా? మునిగిన ఇంటికి గోడలే ఉంటాయి, గడప ఉండదు. నీ పిల్లను గడప దాటించి ఎట్లా పిలుస్తారు?"

శాపం విమోచనం ఎందుకు అసాధ్యమో, అంతకాలం నాకు దొరకని జవాబు అదే. గడప దాటించి పిలవాలని విమోచనం చెప్పిన తల్లి, ఆ గడపను అప్పటికే ఊడదీసి బండికి ఎత్తుకుంది. నలభై నాలుగేళ్లుగా ఆ గడప మీదే అడుగేస్తూ కొత్త ఊళ్లో బతుకుతోంది. పాటలో మొదటి రెండు పాదాలు మార్చాను:

గడపలేని ఇంట ఉయ్యాలో
కాలెవరు పెట్టిరి ఉయ్యాలో

తర్వాత అమ్మమ్మ నన్ను ఇంటి వెనకకు తీసుకెళ్లింది. పశువుల కొట్టం తలుపు కింద అరిగిపోయిన టేకు చెక్క, దాని మీద పసుపు ఆనవాళ్లు. చిన్నప్పటి నుంచి నేను దాన్ని తొక్కుతూనే తిరిగాను. మూడో అధ్యాయం నుంచి అంతా తిరగరాశాను. ఇప్పుడు అది నాయకుడు ఒక తెల్లవారుజామున గడ్డపారతో కొట్టం తలుపు దగ్గర కూర్చోవడంతో మొదలవుతుంది.